పేరులేని సాలీడు

మన ఇండ్లలో బిడ్డ పుట్టిన 21వ నాడు ఉయ్యాలలో వేసి పేరు పెట్టుట వాడుక. పళ్ళెములో బియ్యము పరచి, తండ్రి ఉంగరముతో ఆ బియ్యముమీద పేరు వ్రాయును; పిమ్మట బిడ్డ చెవిలో మెల్లగా చెప్పును. పేరు ఎవరిదో వారికే మొదట వినిపింపవలెనను మర్యాద ఆ ఆచారమునందు ఇమిడియున్నది. బిడ్డకు తెలియదని అందరికిని తెలియును, అయినను చెప్పుదురు.

జంతుశాస్త్రజ్ఞులు చేయు నామకరణము దీనికి సరిగా తలక్రిందులైనది. అచ్చట పేరు పొందవలసిన ప్రాణి మొదట చావవలెను. చచ్చిన పిమ్మట దానిని కొలిచి, చిత్రించి, తోడివానితో పోల్చి, సంవత్సరములు గడచిన మీదట ఒక పత్రికలో పేరు ప్రకటింతురు. ఆ పేరు దాని చెవిని పడదు. సాలీటికి చెవులే లేవు; కాళ్ళమీది సన్నని వెండ్రుకలతో అది వినునట.

ఈ సంపుటమునందు నాటకకళను గూర్చియు, శాసనములను గూర్చియు వ్రాయగల పెద్దలు పలువురుండగా నేను సాలెపురుగును పట్టుకొని వచ్చుట వింతగా తోపవచ్చును. ఆవగింజకంటె చిన్నదగు సాలీడొకటి క్రొత్తగా కనబడినదనియు, దానికొక క్రొత్త ప్రజాతిని ఏర్పరచిరనియు వార్త వచ్చినచో మనలో ఎందరు చదువుదుము? నేనును చదువకుండెడివాడనే. ఒక చిన్న సంఘటన నన్ను ఈ త్రోవను పట్టించినది. ఒక ప్రశ్న నా మనస్సులో నాటుకొని నేటికిని వదలలేదు: పేరు పెట్టుట కొరకు ప్రాణము తీయవచ్చునా? తీసినచో, ఆ పేరు ఎవరికి చేసిన ఉపకారము?

మా ఇల్లు కౌల్ బజారులో. పెరటిలో పాత వేపచెట్టొకటి కలదు. మా మనుమరాలు జంతుశాస్త్రము చదువుచున్నది. మొన్నటి వానలు వెలసిన పిమ్మట సెలవులకు వచ్చి, ఒకనాటి ఉదయమున మా వంటింటి జల్లెడను అడిగి తీసికొనిపోయినది. వేపచెట్టు క్రింద ఏండ్లతరబడి రాలి మురిగిన ఆకుచెత్తను దోసిళ్ళతో ఎత్తి జల్లెడలో వేసి, క్రింద తెల్లని పంచె పరచి, జల్లించుట మొదలుపెట్టినది. పంచెమీద దుమ్ము పడినది. అది దుమ్మనియే నేననుకొంటిని. ఆమె నన్ను కూర్చుండుమని చెప్పి, కొంతసేపు కదలక చూడుమన్నది. చూచుచుండగా దుమ్ములో కొంత నడచుట మొదలైనది.

అరవై యేండ్లుగా ఆ చెట్టు క్రింద మంచము వేసికొని పరుండినవాడను. నా క్రింద ఇంత కాపురము ఉన్నదని నేనెరుగను.

సాలీళ్ళనగా మనకు గోడమూలలందలి బూజు, స్నానాలగదిలో పెద్దకాళ్ళ సాలీడు, తోటలో చక్రమువంటి గూడు, ఇవియే తెలియును. కాని సాలీళ్ళలో పలు కుటుంబములు ఆకుచెత్తలోను, రాళ్ళ క్రిందను, చెట్టుబెరడు పగుళ్ళలోను మాత్రమే బ్రతుకునవి. వాని నిడివి ఒకటి రెండు మిల్లీమీటర్లు. మన వంటింటి కొలతలో చెప్పవలెనన్న, ఆవగింజ మొదలు గసగసాలవరకు. ఇంతకంటెను చిన్నవి కలవు. కొలంబియా దేశమునుండి 1977లో ఫోర్‌స్టర్, ప్లాట్నిక్ అను ఇద్దరు వర్ణించిన పాటు డిగువా అను సాలీటియొక్క మగది 0.37 మిల్లీమీటరు మాత్రమే. గసగసాల గింజలో సగమైనను లేదు. అంత దేహములో గుండె, విషగ్రంథి, పట్టుదారము తీయు గ్రంథులు, గూటిని అల్లు నేర్పు అన్నియు ఇమిడియుండవలెను. ఇమడని దేమైనను కలదా యన్న, మెదడు. 2011లో పనామాలోని పరిశోధకులు అతిచిన్న సాలీళ్ళను పరీక్షించి, వాని ముందుభాగపు కుహరములో దాదాపు 80 శాతమును మెదడే ఆక్రమించి, అచ్చటను చోటుచాలక కాళ్ళలోనికి దిగియున్నదని కనుగొనిరి. బుల్లి ప్రాణికి బుద్ధియు బుల్లిగా ఉండునని మనము తలచుట సహజము. గూడు అల్లుటలో పెద్ద సాలీళ్ళకంటె ఇవి ఎక్కువ తప్పులు చేయవని కూడ ఆ పరిశోధనలే తెలుపుచున్నవి. కాళ్ళతో ఆలోచించు ప్రాణిని నేను మంచముక్రింద ఉంచుకొని గుర్తెరుగకుంటిని.

మా మనుమరాలు సన్నని కుంచెను స్పిరిటులో తడిపి, కొనతో ఒక చుక్కవంటి ప్రాణిని అంటించి ఎత్తి, చిన్న సీసాలో వదలినది. రెండు క్షణములు కదలి ఊరకుండినది. అప్పుడు మా యింటి ఇల్లాలు అచ్చటనే తులసికోటకు నీళ్ళు పోయుచుండెను. చూచి, "అదేమి పాపా, దాన్నేమి చేస్తివి?" అన్నది.

"దీనికి పేరుందో లేదో చూసేకి అవ్వా. లేకపోతే పెట్టల్ల కదా."

"పేరు పెట్టేకి చంపాల్నా?"

ఆ పిల్ల ఉత్తరము చెప్పలేదు. శాస్త్రములో ఉత్తరము లేక కాదు. ఉన్న ఉత్తరము ఆ ముసలిదాని ముందర చెప్పుటకు నోరు రాలేదని నాకు తోచినది.

ఆ ఉత్తరమును ఆమె తరువాత నాకు చెప్పినది. అది న్యాయమైన ఉత్తరమే. మిల్లీమీటరు సాలీటిని సజీవముగా చూచి ఏ జాతిదో చెప్పుట ఇంచుమించు అసాధ్యము. ఒకదానికొకటి అచ్చుగుద్దినట్లుండును. మగదానికి మూతిదగ్గర చేతులవంటి రెండు అవయవములుండును. ఆడదానికి ఉదరము అడుగున ఒక పలక యుండును. సంతానోత్పత్తికి పనికివచ్చు ఈ అవయవముల నిర్మాణము తాళమునకు తాళపుచెవివలె జాతిజాతికి వేరుగా నుండును. సూక్ష్మదర్శనిలో వానిని చూచి, చిత్రించి, లోకములో అంతకుమునుపు వర్ణింపబడిన దగ్గరి జాతులన్నిటితో పోల్చినగాని ఇది క్రొత్తది అనుటకు వీలులేదు. క్రొత్తదని తేలినచో ఒక్క వ్యక్తిని ప్రమాణముగా నిర్ణయించి, దానికి హోలోటైపు అని పేరుపెట్టి, ఒక మ్యూజియములో భద్రపరచవలెను. నూరేండ్ల తరువాత ఎవరికైనను సందేహము కలిగినచో తెరచి చూచునది ఆ సీసాయే. పేరు ఒక మాట కాదు. ఆ సీసాకు కట్టిన దారము.

జంతువుల పేర్లకు లిన్నేయస్ 1758లో ప్రకటించిన గ్రంథమే మొదలని అందరును చెప్పుదురు. సాలీళ్ళకు మాత్రము ఒక మినహాయింపు కలదు. స్వీడను దేశస్థుడే యగు కార్ల్ క్లెర్క్ అంతకు ఒక సంవత్సరము ముందుగా, 1757లో, తన దేశపు సాలీళ్ళను గూర్చి చిత్రములతో గ్రంథము ప్రకటించెను. అంతర్జాతీయ నియమావళి ఆ పేర్లను కూడ అంగీకరించి, వానికే ముందుస్థానము నిచ్చినది. నాటినుండి లెక్కింపగా, 2022 ఏప్రిలులో ప్రపంచ సాలీళ్ళ పట్టికలో 50,000వ జాతి చేరినది. అది బ్రెజిలు ప్రాంతపు ఎగురు సాలీడు. పేరులేని వెన్ని మిగిలియున్నవో లెక్క కట్టిన వారి సంఖ్యలలో ఒకటి మరియొకదానితో కలియదు.

మన పూర్వులకు సాలీడు పరాయిది కాదు. అక్షరబ్రహ్మమునుండి జగత్తు పుట్టి మరల అందే లయమగుటకు ముండకోపనిషత్తు ఇచ్చిన ఉపమానము దారమును వెడలించి మరల మ్రింగు ఊర్ణనాభమే. శ్రీకాళహస్తి క్షేత్రనామములోని శ్రీ సాలెపురుగు; అది శివునికి దారములతో గుడి కట్టిన కథను ధూర్జటి కావ్యముగా చెప్పెను. తెలుగులో సాలె యనగా నేతవాడు. అతనినిబట్టియే పురుగునకు పేరు వచ్చినది. కన్నడమున జేడ యన్నను సాలీడే, నేతగాడే. వచనకారుడగు జేడర దాసిమయ్య ఇంటి పేరు అదియే. ఇరుభాషలవారును ఈ పురుగును చూచి ఒకే మగ్గమును తలచుకొనిరి. బళ్లారివంటి చోట కాపురమున్న మనకు ఇది విని సంతోషము కలుగవలసినదే. కాని నిజము చెప్పవలెనన్న, బ్రహ్మమునకు ఉపమానముగా చేసిరి, మోక్షమిచ్చిరి, అది ఏ సాలీడు అని మాత్రము అడిగినవారు లేరు. గౌరవించుట వేరు, గుర్తించుట వేరు.

గుర్తించుటకు కావలసిన పరికరము మనవద్ద లేదనుట మాత్రము తప్పు. మన తెలుగువాడగు అన్నంభట్టు తర్కసంగ్రహమును వ్రాసి, దానికి తానే దీపిక వ్రాసెను. లక్షణమునకు మూడు దోషములను అందులో చెప్పినాడు. చిన్నప్పుడు మా తండ్రిగారు ఆవును ఉదాహరణముగా పెట్టి నాకు వల్లెవేయించిరి. కపిలవర్ణము గలది ఆవు అన్నచో తెల్లఆవు వెలుపల పడును, అది అవ్యాప్తి. కొమ్ములు గలది అన్నచో గేదెయు లోపలికి వచ్చును, అది అతివ్యాప్తి. ఒంటిడెక్క గలది అన్నచో ఒక్క ఆవునకును పట్టదు, అది అసంభవము. ఈ మూడింటిని సాలీటికి పట్టించి చూడుడు. ఎనిమిది కాళ్ళు గలది సాలీడు అన్నచో తేలు, పిడుదు కూడ వచ్చును. రెక్కలు గలది అన్నచో ఒక్కటియు రాదు. ఎనిమిది కన్నులు గలది అందురా? 1873లో ఇంగ్లండులోని బ్లాక్స్‌వర్త్ గ్రామపు మతాచార్యుడు పికార్డ్-కేంబ్రిడ్జి సింహళమునుండి వచ్చిన ఒక బుల్లి సాలీటిని వర్ణించెను. దానికి కన్నులు నాలుగే. అందుచేత ఆయన దానికి టెట్రాబ్లెమ్మా, అనగా నాలుగు చూపులది, అని క్రొత్త ప్రజాతిని ఏర్పరచెను. అన్నంభట్టు జీవించియున్నచో ఆ పత్రమును చదివి సంతోషించి యుండునని నా నమ్మకము.

ఇచ్చట చదువరులకు ఒక మాట మనవి. శాస్త్రజ్ఞులు జాతియనునది నైయాయికుల జాతి కాదు. గుఱ్ఱము, గాడిద వంటి ఒక్కొక్క రకము వారికి జాతి. దగ్గరి చుట్టరికముగల జాతుల గుంపు ప్రజాతి. నైయాయికునకు జాతి యనగా పెక్కింటియందు ఒకటిగా నుండు నిత్యధర్మము. ఏది జాతి కానేరదో చెప్పుచు ఉదయనాచార్యుడు ఆరు బాధకములను లెక్కించెను. అందు మొదటిది వ్యక్తి యొక్కటియే యగుట. ఆకాశ మొక్కటియే గనుక ఆకాశత్వము జాతి కాదు. ఒక్కటే యున్నచోట సామాన్య మెట్లు వచ్చును?

జంతుశాస్త్రజ్ఞులు పలుమారు ఒక్క జాతి కొరకే ఒక ప్రజాతిని ఏర్పరతురు. ఉదయనుడు చెప్పినది ఒక్క వ్యక్తిని గూర్చి, వీరు చేయునది ఒక్క జాతిని గూర్చి. రెండును ఒకటి కావని ఎరుగుదును. అయినను ప్రశ్న మిగిలియే యున్నది. ఒక్కటే యున్న గుంపునకు గుంపు పేరెందుకు? మా మనుమరాలిని అడిగితిని. ఆమె చెప్పిన దానిని నా మాటలలో చెప్పెదను. ప్రజాతి యనునది రాతిమీది శాసనము కాదు, ఒకరి తీర్పు. 'దీనికి ఈ లోకములో నేను చూచినంతవరకు దగ్గరి చుట్టములు లేరు' అని ఒక మనుష్యుడు సంతకము పెట్టి చెప్పుట. రేపు మరియొకరు చుట్టమును చూపినచో ఆ తీర్పు కొట్టుపడును. ఆ పేరు ఆత్మకు అంటినది కాదు. దాని ఒంటరితనమును గూర్చి మన తెలివి నేటికి ఎంతవరకు పోయినదో తెలుపు గుర్తు.

అట్లు కొట్టుపడిన పేర్లు పెక్కులు. మన దక్కనుదే ఒకటి కలదు. భారత జంతుసర్వేక్షణ సంస్థలో పనిచేసి మన దేశపు సాలీళ్ళ శాస్త్రమునకు పునాది వేసిన బి. కె. టికాదర్ 1976లో ఒక బుల్లి సాలీటిని దక్కను పేరు పెట్టి వర్ణించిరి. అప్పుడు దానిని వేరొక ప్రజాతిలో ఉంచిరి. తరువాతివారు పరిశీలించి, ఇది ఆ సింహళపు నాలుగు కన్నుల టెట్రాబ్లెమ్మా కుదురునకే చెందినదని దానిలో చేర్చిరి. ఇట్లు ఇల్లు మారిన జాతికి నియమావళిలో రెండు మర్యాదలు కలవు. మొదట పెట్టిన సొంతపేరు పోదు. క్రొత్త ఇంటిపేరు వ్యాకరణలింగమునకు తగినట్లు తుది అక్షరము మాత్రము మారును. టెట్రాబ్లెమ్మా నపుంసకలింగము గనుక దక్కను సాలీడు ఇప్పుడు దక్కనెన్సె యైనది. రెండవది, మొదట వర్ణించినవాని పేరును కుండలీకరణములలో పెట్టుదురు. టికాదర్ పేరు ఇప్పుడు కుండలీకరణములలో నున్నది. ఆ రెండు గీతలను చూచినంతనే తెలిసినవానికి, ఇది మొదట మరియొక ఇంట నుండెను అని అర్థమగును.

ఇది విన్నప్పుడు నాకు సాలీడు మరచిపోయినది, 1953 జ్ఞప్తికి వచ్చినది.

ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినది. అదే దినమున పాత బళ్లారి జిల్లా పది తాలూకాలలో ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రములో నిలిచినవి. బళ్లారి తాలూకాతో సహా తక్కిన ఏడును మైసూరులో చేరినవి. బళ్లారి తాలూకాను గూర్చి న్యాయమూర్తి మిశ్రా విచారణ జరిపి నివేదిక ఇచ్చెను. అప్పుడు నేను ఆరేండ్లవాడను. పెద్దవారు ఏమేమో వాదించుకొనిరి. కొందరి కన్నులలో నీళ్ళు చూచితిని, మరికొందరి ఇండ్లకు తోరణములు చూచితిని. మరునాడు నేను బడికి పోయిన త్రోవ మాత్రము మొదటిదే. మేము కదలలేదు, మాపై నున్న పేరు కదలినది. ఈ డెబ్బది యేండ్లలో మన పలుకు తుది అక్షరములు కొన్ని క్రొత్త ఇంటికి తగినట్లు మారినవి. మా పిల్లలు కన్నడములో లెక్కపెట్టి తెలుగులో కోపపడుదురు. ఆ మార్పును నేను నష్టమని అనను, లాభమని అనను. తీర్పు చెప్పినవారు తమకు కనబడిన లక్షణములను బట్టి చెప్పిరి. భాషను లక్షణముగా తీసికొన్నచో ఒక గీత, వ్యాపారమును తీసికొన్నచో మరియొక గీత, నీటిని తీసికొన్నచో ఇంకొకటి. ఏ గీత గీచినను అవ్యాప్తియో అతివ్యాప్తియో తప్పని చోటు ఇది. కుండలీకరణములలో నున్నవారము మనము. అందువలన వర్గీకరణము ఎవరిది, ఏ లక్షణమును బట్టి, అను ప్రశ్న మనకు పుస్తకములోనిది కాదు.

పేరు ఊరిని అంటుకొను విధము కూడ చిత్రమైనది. గుత్తి మనకు దూరము కాదు. 1882లో అనంతపురము జిల్లా ఏర్పడువరకు అది బళ్లారి జిల్లాలోనిదే. అచ్చటి రైల్వే కలపదొడ్డిలో దొరికిన ఒక నీలవర్ణపు పెద్ద సాలీటిని బ్రిటిషు మ్యూజియములోని పోకాక్ 1899లో వర్ణించి, పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టెను. మొదటి మాటకు రంగురంగుల మృగమని అర్థము. ఇది బుల్లిది కాదు. కాళ్ళు చాపినచో అరచేతిని కప్పును. ఆ పిమ్మట ఆ సాలీడు 102 సంవత్సరములు ఎవరి కంటను పడలేదు. 2001లో మరల కనబడినది గుత్తిలో కాదు, నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో. మొదటిది దుంగలతో రైలెక్కి వచ్చియుండునని విజ్ఞులు ఊహింతురు. అయినను లోకము దానిని గుత్తి నీలమణి యనియే పిలుచుచున్నది. దీనిలో వింత యేమి? తాడిపత్రి ఇంటిపేరుగల రాఘవాచార్యులు లోకమునకు బళ్లారి రాఘవ. ధర్మవరము ఇంటిపేరుగల రామకృష్ణమాచార్యులు బళ్లారిలో కూర్చుండి ఆంధ్రనాటకపితామహుడైనాడు. దిగిన స్టేషను పేరు కొందరికి ఇంటిపేరగును, మరికొందరికి పుట్టిన ఊరు పేరు వెంట వచ్చును.

నేను చెప్పదలచినది మాత్రము వేరు. పోకాక్ పేరు పెట్టకున్నచో 102 సంవత్సరములు అది కనబడలేదని ఎవరికి తెలియును? వెదకినవా రెవరు? లేకుండుటను గుర్తించుటకు ముందొక పేరుండవలెను. 2008లో దానిని అంతరించుటకు అతిసమీపమున నున్న ప్రాణిగా ప్రకటించిరి. తెలిసినంతవరకు దాని అడవి నూరు చదరపు కిలోమీటర్లకు లోపు. పేరు చేసిన ఉపకారమిది. అపకారమును కలదు. దాని నీలిరంగు కీర్తి ఎల్లెడల ప్రాకి, విదేశములలో గాజుపెట్టెలలో పెంచి అమ్ముచున్నారు. పేరులేనిదానిని ఎవరును కొనరు.

జైనులు జీవులను ఇంద్రియముల సంఖ్యను బట్టి విభజించిరి. ఏ జీవి యెచ్చట ఉండునో, దేనికి ఎంత బాధ తెలియునో ఎరిగినగాని హింసను తప్పించుకొనుట సాధ్యము కాదు గనుక వారికి వర్గీకరణము అహింసలో భాగమైనది. నడచు త్రోవను ఊడ్చుకొనుటకు వారికి పట్టిక కావలసివచ్చినది. నేటి శాస్త్రమునకు పట్టిక కొరకు ప్రాణి కావలసివచ్చుచున్నది. ఇందు ఏది మేలని అడిగినచో తొందరపడి చెప్పలేను. ఒకటి మాత్రము చూచుచున్నాను. మన జిల్లా ఇనుపకొండలను త్రవ్వి ఎన్ని లక్షల టన్నుల మట్టి లారీలకెత్తిరో, ఆ మట్టిపై ఆకుచెత్త ఎంత యుండెనో ఎవరును జల్లెడ పట్టలేదు. 2011లో సుప్రీముకోర్టు గనులను ఆపుచేసినప్పుడు చెట్ల లెక్క వచ్చినది, నీటి లెక్క వచ్చినది. ఒక్క కొండ ఆకుచెత్తలోనే పుట్టి, అచ్చటనే గిట్టు మిల్లీమీటరు ప్రాణులు ఏ లెక్కకును రావు. వానికి పేర్లు లేవు. కుంచెకొనను తగిలి చచ్చినది ఒకటి. పేరులేక చచ్చినవానికి సంఖ్యయే లేదు.

అందుచేత నామకరణమునకై చంపుట తప్పే కాదని నేననను. మా ఇల్లాలి ప్రశ్న అంత సులభముగా తీరునది కాదు. ఒక ప్రాణమును దానికి తెలియని ఉపకారము కొరకు తీసితిమి. అది మనమీద అప్పు. ఆ అప్పు తీరునది వర్ణన పూర్తియై పేరు ప్రకటింపబడిన నాడు. 2012లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము, క్రొత్త జాతికి చెందిన ప్రాణిని పట్టి సీసాలో పెట్టిన నాటినుండి దానికి పేరు వచ్చునంతవరకు సగటున 21 సంవత్సరములు పట్టుచున్నది. మనకు 21 దినములు, వానికి 21 ఏండ్లు. లోకమందలి మ్యూజియముల బీరువాలలో ఎన్ని వేల సీసాలు ఇట్లు వేచియున్నవి! పట్టుటకు ఉత్సాహవంతులు దొరకుదురు. చలికాలమున ఒంటరిగా సూక్ష్మదర్శని ముందు కూర్చుండి, ఫ్రెంచిలోను, జర్మనులోను ఉన్న పాతపత్రములను చదివి, కాలివెండ్రుకలను లెక్కించు ఓపికగలవారు అరుదు. పాపమనునది కుంచెలో లేదు, బీరువాలో ఉన్నదని నాకు తోచుచున్నది. మా ఇల్లాలు దీనిని ఒప్పుకొనలేదు. రెంటను ఉన్నదని ఆమె మాట.

ఇక మా పెరటి సాలీటి సంగతి. సెలవులు ముగిసి కళాశాలకు పోయిన వారము దినములకు మనుమరాలు టెలిఫోను చేసినది. సూక్ష్మదర్శనిలో చూచినదట. ఆ ప్రాణికి మగ అవయవము లేదు, ఆడ పలకయు లేదు. ఇంకను ఎదుగవలసిన పిల్ల. ఎదిగిన పిమ్మట గోడమీది సామాన్యమగు సాలీడే కావచ్చును. ఎవరును ఎన్నడును చూడని ప్రజాతిలోనిదే కావచ్చును. పిల్లను చూచి జాతి చెప్పుట కుదరదు గనుక అది ఏదో ఇక ఎన్నటికిని తేలదు. ఈ చిక్కు బుల్లి సాలీళ్ళలో తరచుగా వచ్చునట. పెద్దదానియొక్క పిల్లయు, చిన్నదానియందు పెద్దదియు కంటికి ఒకే చుక్క.

"పారేస్తివా?" అని అడిగితిని.

"లేదు తాతా. చీటీ రాసి సీసాలో పెట్టినా."

ఆ చీటిని పెన్సిలుతో వ్రాయవలెనట. సిరా స్పిరిటులో కరగిపోవును. మా ఇల్లాలు టెలిఫోను నా చేతినుండి తీసికొన్నది.

"ఏం పేరు రాసినావు పాపా?"

"పేరు లేదవ్వా. ఊరు, తేదీ రాసినా. బళ్లారి, కౌల్ బజారు, వేపచెట్టు కింద ఆకుచెత్త అని."

"ఇంకొకసారి చదువు," అన్నది మా ఇల్లాలు. ఆ పిల్ల మరల చదివినది.